శ్రుతన్న ఇచ్చిన తాంబూలం

నాలుగు రోజుల కిందట పొద్దున్నే కర్నూలు కల్లూరులో మా స్టూడియో షట్టరు ఎత్తి, బల్ల తుడుచుకుంటుంటే ఫోన్‌కు మెసేజి వచ్చింది. పెద్దాయన కొడుకు పంపాడు. పెద్దాయన అంటే ఈ జిల్లాల్లో పేరు మోసిన సన్నాయి విద్వాంసుడు. పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరీకానికి జ్ఞాపకాల సంచిక ఒకటి వేస్తున్నారట. "నాయన ఫోటోలు నీకాడ ఉండేవన్నీ పంపు చిన్నాయనా, కింద నీ పేరు వేయిస్తాం" అని రాసి, దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి, గులాబీ పువ్వు ఒకటి జతచేశాడు. ఎంతివ్వాలన్న మాట మాత్రం ఆ గులాబీ వెనక కూడా ఎక్కడా లేదు. స్టూడియోలో కంప్యూటరు పని చూసే మా అమ్మాయి దాన్ని చదివి, "ఫోటోకు ఇంత అని చెప్పు నాన్నా. అచ్చేసేటోడు ఊరికే అచ్చేస్తాండాడా? కాగితం ఊరికే వస్తాండాదా?" అంది. న్యాయమైన ప్రశ్నే. అయినా మూడు రోజుల పాటు నేను ఇటు ఔననీ అనలేదు, అటు కాదనీ అనలేదు. పిల్ల నాది మొహమాటం అనుకుంది. మొహమాటమైతే మందు ఉండేది. ఒకప్పుడు నేను ఆ మందు మింగాను కూడా. అది ఎవరి మీద పనిచేసిందో చెబుతాను.

మాది మూడు తరాలుగా చర్చికి పోయే కుటుంబం. మా నాన్న సంఘ పెద్ద. మా ఇంటామె పెళ్లికి ముందు నుంచే చర్చి పాటల బృందంలో ఉంది. నేను మాత్రం కుర్రతనంలో కెమెరా చేతికొచ్చిన కొత్తలో, కర్నూలు పాతబస్తీలో ఎవరిదో పెళ్లి ఊరేగింపుకు ఫోటోలు తీయబోయి, పెళ్లికొడుకును వదిలేసి సన్నాయి వెంట నడిచిపోయినవాణ్ణి. ఆ పెళ్లివాళ్ల ఆల్బంలో పెళ్లికొడుకు ఫోటో ఒకటుంటే సన్నాయి ఫోటోలు పదకొండున్నాయి. వాళ్లు డబ్బు ఎగ్గొట్టారు. ఆ సన్నాయి వాయించింది పెద్దాయనే. అప్పటికి ఇంకా పెద్దాయన కాలేదు, నల్లటి మీసంతో సన్నగా ఉండేవారు. అప్పట్నుంచి ఆయన ఎక్కడ వాయిస్తే అక్కడికి కెమెరా తగిలించుకుని పోయాను. కడపలో ఉత్సవాలు, నంద్యాలలో నవరాత్రులు, ఆదోని వైపు పల్లెల్లో రథోత్సవాలు, ఏ రెడ్డి కూతురి పెళ్లైనా సరే. "దేవుడు మనకిచ్చిన పాటలు చాలవా?" అని మా నాన్న కొన్నేళ్లు గొణిగి, చివరికి నా ఆత్మ సంగతి దేవుడికే వదిలేశారు.

సన్నాయి ఊదే మనిషిని ఫోటో తీయడం ఎంత కష్టమో తీసినవాడికే తెలుసు. వినేటప్పుడు దేవతలు దిగొస్తారుగానీ, ఆ క్షణంలో ముఖం చూస్తే బుగ్గలు ఉబ్బి, కళ్లు ముందుకొచ్చి, మెడ నరాలు తాళ్లలా లేచి, ఎవరో గొంతు పిసుకుతున్నట్టు ఉంటుంది. అందుకని నేనొక పద్ధతి కనిపెట్టుకున్నాను. రాగం ముగిసి, సన్నాయి పీకను పెదవుల నుంచి తీసి, కళ్లు మూసుకుని ఊపిరి వదులుతారే, అప్పుడు నొక్కాలి. ఒక్క రెప్పపాటు ఉంటుంది, అంతే. ఫిల్ము రోలుకు ముప్పై ఆరు ఫోటోలు. రోలు కొనాలంటే ఇంట్లో ఏదో ఒకటి మానుకోవాలి. గుడి మండపాల్లో వెలుతురు గుడ్డిదీపమంత. లెన్సు కన్ను పూర్తిగా తెరిచి, పెద్దాయన ముఖం మీద ఫోకస్ పెడితే, ఆ ముఖం ఒక్కటే చెక్కినట్టు వచ్చి వెనకున్నదంతా మసకలో కలిసిపోయేది. చూసినవాళ్లు అబ్బ అనేవారు. వెనకదంతా మాయం చేయడమే పనితనం అని నేనూ నమ్మాను. ఇంకా గర్వం చాలక, డార్క్ రూంలో ఎర్ర బల్బు కింద, వెలుతురు పడేకొద్దీ నల్లబడే ప్రింటు కాగితం మీద పెద్దాయన ముఖాన్ని అట్టముక్కతో కాపాడుకుంటూ, ఆయన వెనకున్న భాగం మీద మరికొంత వెలుతురు పోనిచ్చి కాటుకలా నల్లబరిచేవాణ్ణి.

ఆ ఫోటోలన్నీ నేను ఊరికే ఇచ్చాను. క్యాసెట్ల అట్టల మీద వేసుకున్నారు, కరపత్రాల మీద వేసుకున్నారు, అవార్డు కోసం పెట్టుకున్న దరఖాస్తులో అతికించారు. పెద్దాయన ఫోటో చేతిలోకి తీసుకుని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, "శానా బాగుండాదప్పా" అనేవారు. ఆ ఒక్క మాటకు నాకు నెల రోజులు కడుపు నిండేది. మా ఇంటామెకు నిండేది కాదు. "డోలు కొట్టినోనికి తాంబూలం ఇస్తాండారు, మైకు పెట్టినోనికి బాడిగ ఇస్తాండారు. నీకేమిస్తాండారు? బాగుండాదప్పా అనే మాట. దాన్ని ఎసట్లో పోసి ఉడికించమంటావా?" అనేది. మొహమాటానికి పోతే కడుపైందనే సామెత ఆమె నోట విన్నన్నిసార్లు నేను ఇంకెక్కడా వినలేదు.

నాకు కళ్లు తెరిపించింది కడపలో పెద్దాయనకు జరిగిన సన్మానం. నాలుగైదేళ్ల కిందటి మాట. సభాభవనం ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. దాని నిండా నేను తీసిన ఫోటోనే, కళ్లు మూసుకున్న పెద్దాయన. నేను దాని కిందే నిలబడి ఉంటే, బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన వచ్చి, "కార్డు ఉండాదా? లేకుంటే వెనక నిలబడన్నా, ముందర వీఐపీలు" అన్నాడు. వెనకే నిలబడ్డాను. ఆహ్వానపత్రంలో షామియానా ఇచ్చినవారి పేరుంది, మైకువారి పేరుంది, పులిహోర చేయించిన దాత పేరు ఇంటిపేరుతో సహా ఉంది. వేదిక మీద పెద్దాయన ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, కారు నడిపిన డ్రైవరును కూడా లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించి, చివర్లో "ఇంకా ఎవరినన్నా మరిచిపోయింటే మన్నించాల" అన్నారు. ఆ ఎవరినన్నా అనేది నేనేనని ఆ హాల్లో ఒక్కడికే తెలుసు. తిరుగు బస్సులో కర్నూలు చేరేదాకా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. అడగందే అమ్మైనా పెట్టదన్నారు. సరే, అడుగుతాను అనుకున్నాను. మర్నాడే మా అమ్మాయి చేత కంప్యూటర్లో కొట్టించి, గోడ మీద కాగితం అతికించాను. కచేరీ ఫోటో ఒక్కటి అయిదు వందలు. ఎవరికైనా సరే, మినహాయింపు లేదు. మా ఇంటామె ఆ వేళ అడగకుండానే టీ పెట్టి ఇచ్చింది.

కాగితం అతికించిన వారానికి మొదటి మనిషి వచ్చాడు. శ్రుతన్న. ఆయన్ను మేమంతా అలాగే పిలిచేవాళ్లం. పెద్దాయన మేళంలో శ్రుతి పట్టేది ఆయనే. సన్నాయిలాంటిదే ఇంకొక వాద్యం ఉంటుంది, దాంతో రాగం వాయించరు, మొదలుపెట్టింది మొదలు ముగిసేదాకా ఒకే ఒక్క స్వరం తెగకుండా ఊదుతూ ఉండాలి. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో నిలవ ఉంచిన గాలిని వదులుతూ, మూడు గంటలైనా సరే. సన్నాయికి విశ్రాంతి ఉంది, డోలుకు ఉంది, శ్రుతికి లేదు. పెద్దాయన వెనక, ఎడమవైపు, గోడకానుకుని కూర్చునేవాడు. ఎప్పుడో ఒకసారి రథం దగ్గర టీ తాగుతూ, "ఇంతకాలంగా ఒకటే స్వరం ఊదుతున్నావే, విసుగు రాదా అన్నా?" అని అడిగితే, "రాగం పట్టుకోని ఆయప్ప యాడికో పోతాడు గదప్పా. తిరిగొచ్చే దానికి ఇంటికాడ ఎవరో ఒకరు ఉండల్ల గదా" అన్నాడు. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. తర్వాత్తర్వాత చేతిపెట్టెంత శ్రుతిపెట్టె వచ్చింది. మీట నొక్కితే అదే మోగుతుంది, దానికి బస్సుఛార్జీ ఇవ్వక్కర్లేదు, అన్నం పెట్టక్కర్లేదు. పెద్దాయన దాన్ని కొన్నారు. శ్రుతన్న బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

చాలా ఏళ్ల తర్వాత అప్పుడే చూడటం. ముందరి పళ్లు నాలుగూ పోయాయి, బుగ్గలు లోపలికి పడ్డాయి. ఆదోని వైపు మనిషి, మాటలో ఆ కన్నడం వాసన మాత్రం పోలేదు. "ముసలి కళాకారులకు గవర్మెంటు పింఛనీ ఇస్తాండాదంట గదప్పా. కచేరీలో కూసున్న ఫోటోలు అడుగుతాండారు, ముఖం తెలిసేటివి. నీకు తెలీకుండా మేం యాడ వాయించినామప్పా? రెండు ఫోటోలు తీసియ్యి" అన్నాడు. ఇక్కడ నేను నిజం చెప్పాలి. నా చూపు గోడ మీది కాగితం వైపు పోయింది. మొదటివాడికే మినహాయిస్తే ఇక ఆ కాగితం దేనికి అనుకున్నాను. కడపలో పెద్దాయన మీద వచ్చిన కోపం అక్కడే ఉంది, దించుకోవడానికి తల ఒకటి కావలసి వచ్చింది. "అన్నా, ఇప్పుడు ఫోటోకు అయిదు వందలు చేసినా" అన్నాను. ఆ మాట ఆయన ముఖం చూస్తూ అనలేదు.

శ్రుతన్న ముఖం చిన్నబుచ్చుకోలేదు. పైపెచ్చు సంతోషపడ్డాడు. "మంచి పని చేసినావు. ఇన్నాళ్లూ ఊరికే ఇస్తాండావే అని నాకు ఒకటే దిగులు" అన్నాడు. మేళం వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. సొంత చెల్లెలి పెళ్లైనా సరే, ఆకూవక్కలో ఒక్క రూపాయైనా పెట్టి ఇవ్వకపోతే వాద్యం ముట్టుకోరు. ఊరికే వాయించిన వాద్యం పలకదని వాళ్ల నమ్మకం. అలా ఒకసారి తాంబూలం అందుకున్నారా, ఇంట్లో చావు తప్ప ఇంకేదొచ్చినా వాయించి తీరాల్సిందే. అది వాళ్లకు రిజిస్టరు చేసిన పత్రంతో సమానం. ఆయన కూర్చోమన్నా కూర్చోకుండా బయటికి పోయి, ఎదురుగా ఉన్న బంకులో ఆకులు, వక్కలు కొనుక్కొచ్చి, పంచె మొలలో నుంచి మడతలు పడిన నోట్లు తీసి, వెయ్యి రూపాయలు లెక్కబెట్టి ఆకుల మధ్య పెట్టి, రెండు చేతులతో నాకందించాడు. "ఇన్నేండ్లూ మేము తీసుకునేటోళ్లం. ఇచ్చేది ఎట్టుంటాదో ఇప్పుడు తెలుస్తాండాది" అని నవ్వాడు. సంగీతం వాయించేవాళ్ల చేతి నుంచి నా పనికి నేను దుడ్లు అందుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. నా కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. సిగ్గుతో కాదు, గర్వంతో. సిగ్గు తర్వాత వచ్చింది.

మర్నాడు పొద్దున నెగిటివ్‌ల డబ్బాలు దించి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒక్కొక్క పట్టీ వెలుతురుకు పట్టి భూతద్దంతో చూశాను. పెద్దాయన వందలసార్లు కళ్లు మూసుకున్నారు. శ్రుతన్న ఎక్కడున్నాడు? ఉన్నాడు. ఒకచోట మోచెయ్యి. ఒకచోట తలపాగా అంచు. ఒకచోట వాద్యం పట్టుకున్న నాలుగు వేళ్లు. మిగిలినచోట్ల పెద్దాయన భుజం వెనక గుండ్రటి మసక. ఆ మసకను నేను ఎరుగుదును. ఫ్లెక్సీకెక్కిన ఆ పేరున్న ఫోటోను మొదటిసారి కడిగినప్పుడు, "వెనక ఆ గుమ్మడికాయ ఏంది?" అని మా ఇంటామె అడిగింది. మండపానికి దిష్టి గుమ్మడికాయ కట్టింటారులే అని చెప్పి, తర్వాతి ప్రింటులో దాన్ని నల్లబరిచేశాను. గుమ్మడికాయ కాదది. ఉబ్బిన శ్రుతన్న బుగ్గ. పెద్దాయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలిన ఆ అందమైన క్షణంలో, ఊపిరి వదలకుండా ఊదుతున్నవాడు ఆయనొక్కడే. సాయంత్రానికి అన్ని డబ్బాలూ అయిపోయాయి. ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చనే డిజిటల్ కెమెరా నా చేతికొచ్చేసరికి, ఆయన వేదిక మీదే లేడు. ముఖం తెలిసే ఫోటో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

ఇంకొక దారి ఉందనిపించింది. శ్రుతన్న ఇన్నేళ్లు తన వెనక శ్రుతి పట్టాడని పెద్దాయన రాసిస్తే, ఆ పేరుకున్న విలువకు ఆఫీసులో పని జరగొచ్చు. మరుసటి మధ్యాహ్నమే పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు, అది కూడా చెప్పాలి. ఏటా ఉగాదికి మేళంలో అందరికీ బట్టలు పెట్టేవారు, శ్రుతన్నకూ పెట్టారు. నా మాటంతా విని, కాసేపు కాళ్లు ఒత్తుకుని, "ఆయప్ప శానా మంచోడు, కాదనను. కానీ కళాకారుడు అని ఎట్ల రాసేదప్పా? ఒకటే స్వరం. ఇప్పుడు పెట్టె గూడా అదే పని చేస్తాండాది. శ్రుతి పట్టినోనికి రాసిస్తే, రేపు చాప పరిచినోడు గూడా వస్తాడు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత విద్య ఉన్నవాడు ఇంత మాట అంటాడా అని లేచి నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద నేను ఫ్రేము కట్టించి ఇచ్చిన ఫోటో ఉంది. పెద్దాయన ముఖం, వెనక అంతా నలుపు. ఈయన ఇవాళ నోటితో ఒక్కసారి అన్నదాన్ని నేను ఏళ్ల తరబడి కెమెరాతో అంటూనే ఉన్నాను గదా. ఆయన కనీసం బట్టలన్నా పెట్టారు. చెప్పులేసుకుని వచ్చేశాను.

వారం తర్వాత శ్రుతన్న వచ్చాడు. ఏం చెప్పాలో ఎన్ని రకాలుగా అనుకున్నా, చివరికి ప్రింట్లు బల్ల మీద పరిచి, "ఇంతే ఉండాదన్నా" అన్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్కటే చూశాడు. మోచెయ్యిని చూసి, "ఈ చెయ్యి నాదే" అన్నాడు. మసక మీద వేలు పెట్టి, "ఇది గూడా నేనే" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన పెద్దాయన ముఖాలను చూస్తూ, ఇది ఫలానా రథోత్సవం, ఇది వాన వచ్చిన రోజు అని నాకు గుర్తు చేస్తూ కూర్చున్నాడు. నేను తట్టుకోలేక, "ఇప్పుడు వాద్యంతో కూర్చోబెట్టి తీస్తానన్నా, ఎన్ని కావాలంటే అన్ని" అన్నాను. "ఊదే దానికి పండ్లు లేవు గదప్పా. వాద్యం గూడా పెద్దాయన ఇంట్లోనే ఉండిపాయ. ఉత్త బుగ్గలు చూసి పింఛనీ ఇస్తారా?" అని నవ్వాడు. అయినా కోరా గుడ్డ తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఒకటి తీశాను. వెనక మసక లేకుండా, ప్రతి ముడతా తెలిసేలా. ఆఫీసులో అది పనికి రాదన్నారట. పింఛను రాలేదు. డెబ్బై దాటిన మనిషి ఇప్పుడు, కొడుకు పనిచేసే ఆ బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు.

ఆ రోజు ఆయన లేచేటప్పుడు ఆ వెయ్యి రూపాయలు తీసి చేతిలో పెట్టబోయాను. వేడి బొగ్గు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొత్తం మాటల్లో ఆయన గొంతు గట్టిపడింది అప్పుడొక్కసారే. "ఏందప్పా ఇది? తాంబూలం ఇచ్చి ఎనక్కి తీసుకుంటారా యాడన్నా? నువ్వు అందుకున్నావు. ఇంక అది నీ పని" అని, గుమ్మం దిగి, బేతంచెర్ల బస్సు కోసం షేరాటో ఎక్కి వెళ్లిపోయాడు. గోడ మీది కాగితాన్ని ఆ పూటే చించేశాను.

అందుకే మూడు రోజులు బిగపట్టుకుని కూర్చున్నది. నిన్న మాత్రం పెద్దాయన కొడుక్కు రేటు చెప్పేశాను. "పంపుతాండా చిన్నాయనా" అని, అయిదు నిమిషాల్లో, బేరమైనా ఆడకుండా డబ్బు పంపించాడు. మొదటి రోజు నుంచీ అడిగి ఉంటే వాళ్లు మొదటి రోజు నుంచీ ఇచ్చేవాళ్లే కాబోలు. మా అమ్మాయి సంబరపడింది. నాకు మాత్రం ఆ డబ్బులో రుచేమీ తెలియలేదు. వాళ్లకు కావలసిన ముఖం నా దగ్గర వందలుగా ఉంది, దానికి వెల కట్టొచ్చు, ఊరికే ఇవ్వొచ్చు, ఎలాగైనా న్యాయమే. గోడకానుకుని బుగ్గలు ఉబ్బించి ఒకే స్వరం పట్టుకున్న ఆ మనిషిని ఆ ఏళ్లలోనే తీసి ఉండాల్సింది. ఆ ఏళ్లు అయిపోయాయి, ఇక తీయలేని ఆ ఫోటోకు మాత్రం నేను తాంబూలం అందుకున్నాను.